చెంచా ఆగిన క్షణానికి మార్కులెన్ని?

సంరక్షణ పాఠం పరీక్షలో, మంచం మీద ఉన్న పెద్దాయనకు ఒక విద్యార్థిని మెత్తని ఆహారం తినిపిస్తోందనుకుందాం. వెనుక దిండు సర్ది కూర్చోబెట్టింది. తానూ కుర్చీ జరుపుకొని ఆయనకు ఎదురుగా కూర్చుంది. మూడో చెంచా పెట్టాక ఆయన గొంతు కదలలేదు. నాలుగోది అందుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. ఆయన మింగాక, పెదవులు తుడిచి, ‘ఇంకొంచెం పెట్టమంటారా?’ అని అడిగింది. మార్కులు వేసేవారి కాగితంలో చేతులు కడుక్కోవడానికి ఒక గడి ఉంది, సరిగా కూర్చోబెట్టడానికి మరొకటి ఉంది. ఆ ఆగడానికి గడి లేదు. పైగా ఆలస్యమైనందుకు ఒక మార్కు పోయింది.

సంరక్షణను పాఠంగా చెప్పే ప్రతిచోటా ఎదురయ్యే చిక్కు ఇదే. జార్జ్ మిల్లర్ 1990లో వైద్యవిద్య కోసం నాలుగు మెట్లు చెప్పారు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, నిజంగా చేయడం. పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని రాసిన జవాబు మొదటి మెట్టు. రొనాల్డ్ హార్డెన్ బృందం 1975లో తెచ్చిన, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేయించే పరీక్ష మూడో మెట్టు దాకా తీసుకెళ్తుంది. ఎవరూ చూడనప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తుందన్నది దానికీ అందదు.

బిడ్డను చూసుకోవడం ఎలా ఉంటుందో తెలియడానికి పిల్లల చేతికిచ్చే, పసిబిడ్డలా ఏడ్చే యంత్రపు బొమ్మల సంగతి చూడండి. మెడకు ఆసరా ఇచ్చారా, ఏడుపు విని ఎంతసేపటికి స్పందించారు అన్నవి ఆ బొమ్మే నమోదు చేస్తుంది. టీనేజీ గర్భాలను తగ్గించాలని పశ్చిమ ఆస్ట్రేలియాలో 57 పాఠశాలల బాలికలపై వీటితో చేసిన అధ్యయనం 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 20 ఏళ్లలోపు తల్లులైనవారు బొమ్మలు తీసుకున్న బృందంలో 8 శాతం, తీసుకోనివారిలో 4 శాతం. చేతులు ఏం చేశాయో యంత్రం లెక్కించగలదు. ఆ పిల్లల మనసు దాన్నుంచి ఏం గ్రహించిందో అందులో నమోదు కాదు.

అందుకే నాకు విద్యా తత్వవేత్త నెల్ నాడింగ్స్ మాట సరైనదనిపిస్తుంది. సంరక్షణ దాన్ని అందుకునేవారికి చేరినప్పుడే పూర్తవుతుందని ఆమె వాదన. అలాగైతే పరీక్షకుడి చూపు విద్యార్థి మీద కంటే ఆ పెద్దాయన మీద, ఆ బిడ్డ మీద ఎక్కువ ఉండాలి. బిడ్డ మాట్లాడలేకపోవచ్చు, కానీ కడుపు నిండితే మొహం తిప్పుకుంటుంది. ఆ సైగ విద్యార్థికి కనిపించిందా? కనిపించాక ఏం మార్చుకున్నాడు? ఇది ఒక్క రోజులో తేలేది కాదు. కొన్ని వారాల పాటు చూసి రాసుకున్న చిన్న చిన్న గమనికలు కావాలి. ‘ఈ రోజు ఏడుపును ఆకలి అనుకున్నాను, నిద్ర అని తర్వాత తెలిసింది’ అని విద్యార్థి రాసుకున్న వాక్యం నా దృష్టిలో పది నిర్వచనాల పెట్టు.

ప్రేమకు మాత్రం మార్కులు వేయకూడదు. వేస్తే పిల్లలు ప్రేమను నటించడం నేర్చుకుంటారు. మాట తక్కువైన పిల్లవాడు చేతులతో ఎంతో మృదువుగా ఉండవచ్చు.

ఇంకో బాధ ఉంది. జబ్బుపడిన తల్లినో, చిన్న తమ్ముడినో రోజూ చూసుకుంటూ ఇంటిపని రాయలేక తరగతిలో వెనుకబడే పిల్లలు ఈ పాఠం అందరికంటే ముందే నేర్చుకున్నారు. వారి ఇంటి సంగతులు తరగతిలో బయటపెట్టించకూడదు. ఇష్టపడితే, ఉపాధ్యాయుడు పక్కన కూర్చుని ‘తమ్ముడికి జ్వరమొస్తే నువ్వు ముందు ఏం చూస్తావు?’ అని అడగాలి. వారు చెప్పింది పూర్తిగా విని, దానికే మార్కులు వేయాలి.