స్కూటర్‌కైతే ఎనిమిది వెయ్యాలి

మొన్న మా ఆఫీసులో అంతర్గత కమిటీ సభ్యులకు శిక్షణ జరిగింది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ అది. నేనూ సభ్యురాలినే. పన్నెండింటికి మొదలై పన్నెండున్నరకు అయిపోయింది. అందులో పది నిమిషాలు ప్రొజెక్టర్‌కే సరిపోయాయి.

తర్వాత క్విజ్. ప్రశ్నకు నాలుగు జవాబులు, నాలుగు ఛాన్సులు. తప్పు నొక్కితే 'మళ్లీ ప్రయత్నించండి' అంటుంది. ఫెయిలయ్యే దారే లేదు. 'ఫిర్యాదు చేసినామె పేరు బయటికి చెప్పవచ్చా?' దగ్గర మా అకౌంట్స్ ఆయన ఆగిపోయి, "పోయినసారి ఏది నొక్కాం?" అని పక్కాయన్ని అడిగాడు. ఆపైన సమోసా, టీ, గ్రూప్ ఫోటో. ఫోటోకి రెండు టేకులు. క్విజ్ కన్నా అక్కడే శ్రద్ధ కనబడింది.

స్కూటర్ నడపాలంటే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, 30 రోజులు ఆగాలి, టెస్టులో బండితో ఎనిమిది అంకె వెయ్యాలి. కాలు కింద పెడితే ఇంటికే. ఇక్కడేమో సాక్షుల్ని పిలిపించి ప్రమాణం చేయించే సివిల్ కోర్టు అధికారాలు పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం మా చేతిలో పెట్టింది. సభ్యులకు శిక్షణ ఇప్పించాలని యజమానికి 19వ సెక్షన్‌లో చెప్పింది కానీ, ఎన్ని గంటలో చెప్పలేదు. మావాళ్లకు చట్టంలో బాగా అర్థమైంది ఆ చెప్పని ముక్కే. విచారణ ఎలా చెయ్యాలో సభ్యులకు నేర్పమని 2023 మేలో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. ఆ స్లైడ్ ఉంది పాపం, టైమ్ లేదని దాటేశారు.

ఏమీ నేర్చుకోని కమిటీ మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా?" ఎందుకా? మూడు నెలల గడువు చట్టమే ఇచ్చింది కనుక! మీ ముందు కూర్చోవాలంటే భయం కనుక! రెండో మాట ఇంకా ఘోరం. "అతనికి పెళ్లాం పిల్లలున్నారు, రాజీ పడరాదూ?" రాజీ కావాలని అడగాల్సింది ఆమె, మీరు కాదు. 10వ సెక్షన్ నాలుగు లైన్లు చదివితే తెలిసేది. చదవరు. ఆ పిల్ల రాజీనామా ఇచ్చి వెళ్లిపోతే మాత్రం కేసు క్లోజయిందని హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. సిగ్గుండాలి.

నా సర్టిఫికెట్లో పేరు తప్పు పడింది. దిద్దమని మెయిల్ పెట్టాను. "పర్లేదు మేడమ్, ఫైల్లో ఉంటే చాలు, ఎవరూ చూడరు" అని జవాబొచ్చింది.