సినిమాకు ఎన్ని పళ్లు?

ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. జత బరిలోకి దిగక ముందు కమిటీ పెద్దమనిషి ఒకాయన గిత్త దగ్గరికి వెళ్లి, ముక్కుతాడు పట్టుకొని, కింది పెదవి వంచి, పళ్లు చూసి, 'రెండు పళ్లు' అంటాడు. ఆ మాటతో దాని వయసు ఖాయమైనట్టే. పాలపళ్ల గిత్తలు ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి మరొకటి, ఆపైవి సీనియర్లు. గిత్త ఎవరిది, యజమాని ఏ పార్టీ మనిషి, ఆయన వెనక ఎన్ని కార్లు వచ్చాయి అన్న ప్రశ్నలు పంటి దగ్గరికి వచ్చేసరికి నిలవవు. ఎవరికైనా అనుమానం వస్తే మళ్లీ నోరు తెరిపిస్తారు. మొదటిసారి రెండు ఉన్న పళ్లు రెండోసారికి నాలుగు కావు.

పశువు వయసును ఇంత నిక్కచ్చిగా తేల్చే జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి గనుక, సినిమాకు వయసు నిర్ణయించే పద్ధతిలో నిలకడ లేదని నలుగురూ అనే మాటను కొంతకాలం నేనూ నమ్మాను. ఈ మధ్య విషయాన్ని శ్రద్ధగా పరిశీలించిన మీదట నా అభిప్రాయం మారింది. సినిమాలకు సర్టిఫికెట్లు ఇచ్చే కేంద్ర బోర్డువారిది నిలకడలేనితనం కాదు. మనబోటి పామరులకు అంతుపట్టని సూక్ష్మశాస్త్రం. దాని పక్షాన మాట్లాడేవారు ఎవరూ కనిపించడం లేదు కాబట్టి ఆ భారాన్ని నేనే స్వచ్ఛందంగా తలకెత్తుకుంటున్నాను.

ముందుగా యంత్రాంగం సంగతి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఒక అధ్యక్షుణ్ణి, 12 మందికి తగ్గకుండా 25 మందికి మించకుండా సభ్యులను నియమిస్తుంది. ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంటుంది. తొమ్మిది ప్రాంతీయ కార్యాలయాల్లో మనది హైదరాబాదులో ఉంది. సలహా సంఘం నుంచి కొందరిని ఎంపిక చేసి, ఒక అధికారిని జతచేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి చిత్రం చూపిస్తారు. వారి తీర్పు నచ్చకపోతే పునఃపరిశీలక సంఘం ఉంది. అదీ నచ్చకపోతే వెళ్లడానికి ఒకప్పుడు ప్రత్యేక ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు కాబట్టి ఇప్పుడు నిర్మాత నేరుగా హైకోర్టు మెట్లెక్కాలి. ఈ సంస్థ పేరులోని 'సెన్సార్' అన్న మాటను 1983లో తీసేసి 'సర్టిఫికేషన్' అని మార్చారు. అయినా నలభై ఏళ్లుగా ట్రంకు రోడ్డు టీకొట్టు దగ్గర నుంచి నిర్మాతల ఆఫీసు దాకా అందరూ 'సెన్సారయిందా?' అనే అడుగుతున్నారు. పేరు మారిందన్న వార్త ఇంకా కత్తెర దాకా చేరినట్టు లేదు.

ఆ 1983లోనే అందరూ చూడదగ్గ 'యు'కూ, పద్దెనిమిది నిండినవారికే పరిమితమైన 'ఏ'కూ మధ్య 'యుఏ' పుట్టింది. పన్నెండేళ్ల లోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాలని దాని అర్థం. 2023 సవరణలో దాన్ని ఏడు, పదమూడు, పదహారు అని మూడు ముక్కలు చేశారు. అయితే ఈ అంకెలు తల్లిదండ్రుల ఆలోచన కోసమే తప్ప థియేటరువాళ్లు గేటు దగ్గర అమలు చేయడానికి కావని చట్టమే చెబుతోంది. అంటే పదమూడు నిండనివాణ్ణి పదహారు ప్లస్ చిత్రానికి తీసుకువెళ్లే తండ్రి నేరం చేస్తున్నట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు.

ఇక కొలబద్ద. 1991 నాటి మార్గదర్శకాల ప్రకారం చిత్రాన్ని ముక్కముక్కలుగా కాక మొత్తంగా చూసి, అది కలిగించే సమగ్ర ప్రభావాన్ని బట్టి, కథాకాలాన్నీ సమకాలీన ప్రమాణాలనూ దృష్టిలో పెట్టుకొని తీర్పు చెప్పాలి. విమర్శకులు తడబడేది ఇక్కడే. సమగ్ర ప్రభావం అన్నది తూకంరాయి కాదు, నెల్లూరు చేపల పులుసు. వండిన రాత్రి ఒక రుచి, మరునాటి పొద్దున మరొక రుచి; చట్టీ అదే, చేపా అదే. శుక్రవారం విడుదల పెట్టుకొని బుధవారం చూపించిన చిత్రానికి ఒక రుచి, తీరిగ్గా నెల ముందు చూపించినదానికి మరొక రుచి ఉండడంలో ఆశ్చర్యమేముంది?

ఈ శాస్త్రానికి పూర్వ సంప్రదాయమూ గట్టిదే. హిందీ దర్శకుడు కె.ఎ. అబ్బాస్ తీసిన ఒక లఘుచిత్రానికి 'యు' అడిగితే బోర్డు 'ఏ' ఇచ్చింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణ నడుస్తుండగా, కోతలేమీ లేకుండా 'యు' ఇవ్వడానికి అభ్యంతరం లేదని ప్రభుత్వం ఒప్పుకుంది. చిత్రంలో ఒక్క అడుగు తగ్గలేదు, ఒక్క మాట మారలేదు; చూసేవారి వయసు మాత్రం పద్దెనిమిది నుంచి సున్నాకు దిగింది. 1970లో వచ్చిన తీర్పులో ముందస్తు సెన్సారింగ్ రాజ్యాంగబద్ధమేనని కోర్టు తేల్చింది కాబట్టి ఈ అద్భుతాలు ఇప్పటికీ చట్టబద్ధంగానే జరుగుతున్నాయి.

2016లో 'ది జంగిల్ బుక్' వచ్చింది. తోడేళ్ల మధ్య పెరిగిన పిల్లవాడి కథ. త్రీడీలో జంతువులు మీదికి దూకుతున్నట్టుంటాయి, పిల్లలు జడుసుకుంటారన్న వివరణతో దానికి 'యుఏ' ఇచ్చారు. మరుసటి ఏడాది 'బాహుబలి' రెండో భాగం వచ్చింది. అందులో తలకాయ ఎగిరిపడే ఘట్టం ఎక్కడుందో ఈ జిల్లాలో పాలవాణ్ణి అడిగినా చెబుతాడు. దానికీ 'యుఏ'యే. సింగపూరువారు మాత్రం పదహారేళ్ల లోపువారిని రానివ్వలేదు. సింగపూరు పిల్లలకు తెగిన తల అంటే భయం, మన పిల్లలకు పులి అంటే భయం అని దీన్నిబట్టి తెలుస్తోంది. మనవాళ్లు నల్లమల పక్కన ఉన్నారు కాబట్టి బోర్డువారి జాగ్రత్తను నేను తప్పుపట్టను.

2025 ఆగస్టులో 'కూలీ' చిత్రానికి 'ఏ' ఇచ్చినప్పుడు దాని నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్లి, 'కేజీఎఫ్', 'బీస్ట్' లాంటి చిత్రాలకు 'యుఏ' ఇచ్చి తమకు 'ఏ' ఇవ్వడం ఏమి న్యాయమని వాదించారు. కోర్టు పిటిషను కొట్టివేసింది. వార్త చదివి జాలిపడినవారు ఉండవచ్చు. మా టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతు మాత్రం నవ్వుకొని ఉంటాడు. ఒకే చేను, ఒకే రెలుపు (కోత), ఒకే బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం)లో కాలిన ఆకు. సోమవారం వేలంలో బ్రైట్ గ్రేడు, గురువారం మీడియం. పక్కవాడి బేలుకు పలికిన ధర తన బేలుకు ఎందుకు రాదని అడిగితే కొనుగోలుదారు ఆకును వేళ్ల మధ్య నలిపి, 'రంగు లేదు' అంటాడు. రంగు ఎక్కడికి పోయిందో రైతుకు తెలియదు. అసలు ఏ ధరా చెప్పకుండా 'నో బిడ్' అని ముందుకు సాగిపోవడం కూడా ఉంది. చలనచిత్ర రంగంలో దాన్ని సర్టిఫికెట్ నిరాకరణ అంటారు. సినిమావాళ్లు గిత్తల పందెం అనుకొని వచ్చారు, అది పొగాకు వేలమని తెలియక నష్టపోయారు. (అదే రైతు సాయంత్రం సినిమాకు వెళితే తెర మూలన 'పొగాకు ప్రాణాంతకం' అని హెచ్చరిస్తారు. ధర విన్నాక ఆ హెచ్చరిక అతనికి ఆలస్యంగా అందినట్టు లెక్క.)

ఈ వ్యవస్థలో ప్రపంచ వైద్యరంగం గమనించవలసిన విశేషం ఇంకొకటి ఉంది. 'ఏ' చిత్రం టీవీలో రాకూడదు. అందుచేత నిర్మాత నాలుగు నరుకుళ్లు తీసేసి, ఆరు తిట్లు మూగబోయించి మళ్లీ దరఖాస్తు పెడతాడు. పద్దెనిమిదేళ్ల చిత్రం పదహారుకో పదమూడుకో దిగుతుంది. కోతపెట్టి వయసు తగ్గించే విద్య మన ఊళ్లో ఏ డాక్టరుకూ రాదు.

ఇంత శ్రమపడి నిర్ణయించిన వయసు చివరికి చేరేది గేటు దగ్గరికి. మొన్నామధ్య మా పట్టణంలోని ఒక థియేటరులో 'ఏ' చిత్రానికి వెళ్లాను. నా ముందు ఒక తండ్రి, ఆయన పక్కన పాప్‌కార్న్ పొట్లం గుండెలకు హత్తుకొని ఒక పిల్లవాడు. గేటు మనిషి బాధ్యత గల ఉద్యోగి. టిక్కెట్లు చింపబోయి ఆగాడు.

"ఏందన్నా, పిలగాడికి పద్దెనిమిది నిండినయ్యా?"

"నిండినయ్యి. తిండి సరిగా తినడు, అందుకే మనిషి ఎదగలేదు."

"ఏం చదవతన్నా అబ్బయా?"

"ఐదో తరగతి," అన్నాడు పిల్లవాడు, అబద్ధమాడడం ఇంకా నేర్వలేదు కాబట్టి.

గేటు మనిషి ఒక్క క్షణం లెక్క వేసుకున్నాడు. "పాపం, శానా ఏళ్లుగా ఐదులోనే ఉన్నట్టున్నాడే," అని టిక్కెట్లు చింపి లోపలికి పంపాడు.

వారు నా ముందు వరుసలోనే కూర్చున్నారు. తెర మీద గొడ్డలి వేట్లు పడినంతసేపూ పిల్లవాడు కళ్లార్పకుండా చూశాడు, తండ్రి అడ్డుచెప్పలేదు. నాయిక నాయకుడి భుజం మీద తల వాల్చి ముఖం దగ్గరికి తెచ్చేసరికి మాత్రం ఆయన అరచేయి ఎగిరి వచ్చి కొడుకు కళ్ల మీద పడింది. 2015లో ఒక జేమ్స్ బాండ్ చిత్రంలో ముద్దుల నిడివిని సగానికి కోసి, ఆయన చంపినవాళ్ల జోలికి పోకుండా 'యుఏ' ఇచ్చిన సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. దేశంలో తొమ్మిదే ప్రాంతీయ కార్యాలయాలన్న లెక్క తప్పు. ఆ చీకట్లో నేను పదో కార్యాలయాన్ని చూశాను. దానికి అయిదు వేళ్లు ఉన్నాయి, పైగా ముంబయితో దాని అభిప్రాయం చక్కగా కలుస్తోంది.

ఇంతగా సమర్థించినవాణ్ణి కనుక ఒక చిన్న సూచన చేసే చనువు నాకు ఉందనుకుంటాను. గేటు దగ్గర ఆధార్ కార్డులు, బడి పత్రాలు అడిగే బదులు గిత్తల పద్ధతినే ప్రవేశపెట్టవచ్చు. ప్రకృతి కూడా చట్టానికి సహకరిస్తోంది. ముందు పాలపళ్లు ఊడడం మొదలయ్యేది ఆరేడేళ్లకు: ఆ చిగురు కనిపిస్తే ఏడు ప్లస్. పాలపళ్లన్నీ పోయి పక్కా పళ్లు నిలిచేది పన్నెండు, పదమూడేళ్లకు: పదమూడు ప్లస్. జ్ఞానదంతం తొంగిచూసేది పద్దెనిమిది ప్రాంతంలో: 'ఏ'. పదహారు ప్లస్‌కు మాత్రం పంటి సాక్ష్యం దొరకలేదు. ఆ వయసులో నోట్లో కొత్తగా ఏమీ జరగదు. అందుచేత దానికి గేటు మనుషులు తరతరాలుగా వాడుతున్న నూనూగు మీసాన్నే కొనసాగించవలసి ఉంటుంది.

ఈ ప్రతిపాదనను కాగితం మీద పెట్టి, ముందు ఇంట్లో ప్రయోగించి చూశాను. పళ్ల డాక్టరు తీసిన ఎక్స్‌రే ప్రకారం నాకు రావలసిన నాలుగు జ్ఞానదంతాల్లో ఒక్కటీ చిగురు దాటి పైకి రాలేదు. అరవై రెండేళ్లు నిండినా నేను 'ఏ' చిత్రానికి అనర్హుణ్ణే. పక్కన నిలబడి అంతా విన్న నా మనవడు, "అయితే తాతా, ఇంకమీదట నిన్ను నేను తోడుండి తీసుకుపోవాల్నా?" అని అడిగాడు. కింది పెదవి వంచి చూశాను. వాడివి ఇంకా పాలపళ్లే; ఒక్కటీ కదల్లేదు.