కోలాటం ఏడింటికి, మరి వంట?

పెళ్లై పాతికేళ్లు కావస్తున్న జంటలకి ఈమధ్య అందరూ చెప్పేది ఒకటే, ఇద్దరూ కలిసి కొత్తగా ఏదైనా నేర్చుకోండి అని. మంచి మాటే. 2000లో ఆర్థర్ ఆరన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ప్రచురించిన ప్రయోగాల్లో, కాస్త ఉత్సాహంగా ఉండే కొత్త పని కలిసి చేసిన జంటలు, మామూలు పని చేసిన జంటల కన్నా తమ బంధం బాగుందని చెప్పారు. ఆ పని ఏడు నిమిషాలే!

మనకి చిక్కంతా ఆ ఏడు నిమిషాల దగ్గరే. నరసాపురం పక్కన మా పల్లెలో రామాలయం ముందు కోలాటం ప్రాక్టీసు రాత్రి ఏడింటికి మొదలవుతుంది. మా ఆవిడకి కోలాటమంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. "వెళ్లొచ్చు కదా" అని రెండేళ్లు అంటూనే ఉన్నాను, ఎనిమిదింటికి కంచంలో వేడన్నం ఉండాలని అనుకోవడం మాత్రం మానలేదు. కేంద్రం చేసిన 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ల లెక్క తీసుకున్నా ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు చేస్తున్నారు. ఈ తేడా అలాగే ఉంచి "కలిసి నేర్చుకుందాం" అంటే ఆవిడ నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. అందుకే వారానికి మూడు రాత్రులు వంట నేను తీసుకున్నాను, ఆవిడ కోలాటానికి వెళ్తోంది.

ఆ తర్వాతే కలిసి నేర్చుకోవడం మొదలైంది. ఏప్రిల్ నెలాఖర్లో కాలవలకి నీళ్లు ఆపేశాక, పడినా నీళ్లలో పడదన్న ధైర్యంతో, గట్టు మీద పొద్దున్నే ఆవిడకి సైకిల్ నేర్పాను. నలభై ఆరేళ్ల మనిషి. చూసేవాళ్లు చూశారు, పదిహేను రోజుల్లో వచ్చేసింది.

బదులుగా ఆవిడ నాకు లేసు నేర్పుతోంది. మా వైపు లేసంటే హాబీ కాదు, కూలి. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని అల్లుతారు, డబ్బు లెక్కలు మగవాళ్లు చూస్తారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా గర్వంగా చెప్పుకున్నాం గానీ, ఆ అల్లిక ఎంత కష్టమో నేనైతే ఎప్పుడూ ఆలోచించలేదు. మొదటి రోజే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "దారం అంత బిగించకండీ, సూది దూరద్దూ?" అంది. కొక్కెం సూదికి దారం చుట్టి కన్నంలోంచి లాగాలి, లాగిన ప్రతిసారీ పట్టు ఒకేలా ఉండాలి, ఒక్కటి తప్పితే వరసంతా విప్పాల్సిందే. రెండు గంటలు కూర్చుంటే నాకు జానెడు పట్టీ కూడా రాలేదు, మెడ పట్టేసింది. ఇరవై ఏళ్లుగా దాన్ని "ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటుంది" అని చుట్టాలకి చెప్పింది నేనే. ఆ మాట ఇప్పుడు నా నోట్లోంచి రాదు.

కలిసి చేసే పనికి కావాల్సింది ఇదే అనిపిస్తుంది. ఇద్దరిలో ఎప్పుడూ నేర్పేవాళ్లు ఒకరే కాకూడదు. భర్తకి ఇష్టమైన చోటికి భార్య తోడు వెళ్లడాన్ని కూడా మనం కలిసి చేయడమే అంటున్నాం, అది వేరు. అరుగు మీద చతుర్ముఖ పారాయణం, అదే పేకాట, మగవాళ్లది, గుళ్లో కోలాటం ఆడవాళ్లది అని ఊళ్లు కూడా విడగొట్టేశాయి. మా రామాలయం పెద్దల్ని నేను అడిగింది రెండే: ప్రాక్టీసు ఆదివారం సాయంత్రం నాలుగింటికి మార్చండి, మగవాళ్లకీ ఓ వరస పెట్టండి. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి ఇంతవరకూ పేర్లిచ్చింది ముగ్గురం.