పెట్టుబడి ఒకరిది, సాయం మరొకరికి

ఇరవై ఎకరాల పట్టా ఉన్న ఆసామి హైదరాబాద్‌లో స్థిరపడి, ఊరి ముఖం చూసి పదేళ్లయినా సరే, తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి 12 వేల చొప్పున ఏటా అతనికి 2 లక్షల 40 వేలు ఇస్తుంది. అదే పొలాన్ని కౌలుకు తీసుకుని, ట్రాక్టరు కిరాయి కట్టి, అప్పు తెచ్చి ఎరువు చల్లినవాడికి దక్కేది సున్నా. దీన్ని పెట్టుబడి సాయం అనడానికి పాలకులకు నోరెలా వస్తోందో!

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. సీజన్‌కు 4 వేలు 5 వేలైంది, ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6 వేలైంది. ప్రభుత్వం మారినా కొలమానం మాత్రం పట్టాదారు పాసుపుస్తకమే. కౌలు రైతులకూ ఎకరానికి 15 వేలు ఇస్తామని 2022 మేలో వరంగల్ డిక్లరేషన్‌లో చెప్పిన కాంగ్రెస్‌వారే 2025 జనవరి 26న వారిని పక్కనపెట్టి పథకం మొదలుపెట్టారు. సాగు లేని భూములకు పాత ప్రభుత్వం 20 వేల కోట్లకు పైగా ధారపోసిందని అసెంబ్లీలో లెక్కలు చదివిందీ వీరే. గుట్టలకు, ప్లాట్లకు కోత పెట్టారు, సంతోషం. ఎకరాలకు గరిష్ఠ పరిమితి మాత్రం పెట్టలేదు.

పట్టా ఆధారంగా ఇస్తే దళారీ ఉండడని, కౌలుదారు ఏటా మారతాడు కనుక గుర్తించలేమని అంటారు. దళారీ సంగతి నిజమే. యజమానుల భయమూ ఊరికే పుట్టింది కాదు, 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు ఇచ్చిన హక్కులను పల్లెలు మరచిపోలేదు. కానీ ఆ భయానికి విరుగుడుగానే ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం వచ్చింది. ఆ చట్టం కౌలుదారుకిచ్చే రుణ అర్హత కార్డుతో బ్యాంకు అప్పు పుడుతుంది తప్ప భూమిపై హక్కు రాదు. తెలంగాణ దాన్ని అటకెక్కించింది. (ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం యజమాని సంతకం అడిగి తన కాళ్లు తానే విరగ్గొట్టుకుంది.)

సాయం అందకపోవడం సగం అన్యాయమే. మిగతా సగం, ఆ సాయమే కౌలుదారు మెడకు చుట్టుకోవడం. పొలం బీడు పెట్టినా సొమ్ము వస్తుందంటే యజమానికి కౌలు తగ్గించాల్సిన అవసరమేముంది? కాగితం రాసిస్తే ఎక్కడ తన సాయానికి ఎసరొస్తుందోనని ఒప్పందం నోటి మాటతోనే సరిపెడతాడు. కాగితం లేనిదే బ్యాంకు గడప తొక్కనివ్వదు. ఇక మిగిలింది ఎరువుల దుకాణదారు, నూటికి రెండో మూడో వడ్డీ. పండిన పంట కూడా అతనికే అమ్మాలి.

ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లి చూడండి. వడ్లు ఆరబోసి, తేమ 17 శాతానికి దిగేదాకా టార్పాలిన్ల పక్కనే పడుకున్నది కౌలు రైతు. తూకమయ్యాక బల్ల దగ్గర అడిగేది యజమాని పాసుపుస్తకం జిరాక్సు. డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది. కౌలు పట్టుకుని మిగిలింది ఆయన ఎప్పుడిస్తే అప్పుడే. రైతుబీమా 5 లక్షలూ పట్టాదారు కుటుంబానికే. పంట పోయి గుంట భూమి లేని కౌలు రైతు పురుగుమందు తాగితే ఆ ఇంటికి బీమా రాదు.

అసలు రోగం రికార్డులో ఉంది. సాయుధ పోరాట కాలంలో 'దున్నేవాడిదే భూమి' అని నినదించిన నేల ఇది. ఊరి భూముల వివరాలు రాసే పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు కాలమ్ ఒకటుండేది. తప్పులతడకే కావచ్చు, కానీ పొలంలో ఎవరున్నారన్న ప్రశ్నకు అక్కడ చోటుండేది. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చేనాటికి ఆ గడినే ఎత్తేశారు. గడి పోయాక మనిషీ పోయాడు. పంట రుణం, నష్టపరిహారం, బీమా, దేనికి వెళ్లినా కౌలు రైతుకు ఎదురయ్యేది ఆ ఖాళీయే. భూమిని ఆస్తిగా తప్ప సాగుగా చూడలేని రెవెన్యూ బుద్ధి మారనంతవరకు ఎన్ని కోట్లు పోసినా అవి గట్టు మీదివాడి జేబులోకే పోతాయి.

గుర్తించలేమన్న సాకు ఇక చెల్లదు. సర్వే నంబరు వారీగా ఏ పంట వేశారో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) ఇప్పటికే నమోదు చేస్తున్నారు. ఎవరు వేశారన్నదీ రాసుకుని, గ్రామసభలో చదివి, యజమాని సంతకంతో పని లేకుండా సీజన్‌కు 6 వేలూ ఆ సాగుదారుకే ఇవ్వాలి. సొంతంగా సాగు చేసుకునే యజమానికీ పదెకరాలు దాటితే ఆపేయాలి.