సన్రికు రోడ్డు దండగ అనేవాళ్లకి

మొన్న ఆఫీసులో మాటల మధ్య ఒకాయన "మనుషులే తగ్గిపోతున్న ఊళ్లకి అంత రోడ్డెందుకు, డబ్బు దండగ" అన్నాడు. జపాన్‌లో సెందాయ్ నుంచి హచినోహె దాకా సముద్రం వెంబడి వెళ్లే 359 కిలోమీటర్ల సన్రికు తీర రహదారి గురించి. అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. రెండు రోజులుగా మనసులో అదే తిరుగుతోంది, అందుకే రాస్తున్నా.

కమైషి దగ్గర ఉనొసుమైలో ఈ రోడ్డులో ఒక ముక్క, ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు, 2011 మార్చి 5న తెరిచారు. ఆరు రోజులకే సునామీ. కింద 45వ నంబరు జాతీయ రహదారి ఎక్కడికక్కడ తెగిపోయింది. అక్కడి రెండు బడుల పిల్లలు, దాదాపు 570 మంది, మొదట చేరిన చోటు చాలదనిపించి ఇంకా పైకి, ఇంకా పైకి పరిగెత్తి బతికారు. ఆ తర్వాత వాళ్లు కమైషి ఊళ్లోకి చేరింది ఆ కొత్త రోడ్డు మీదుగానే. సెందాయ్ తూర్పు రోడ్డు దగ్గరా ఇలాగే జరిగింది. పొలాల మధ్య ఏడు నుంచి పది మీటర్ల ఎత్తు కట్ట మీద వెళ్తుందది, దాదాపు 230 మంది ఆ కట్ట ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత అక్కడ మెట్లు కట్టారు. నేను వెళ్లి చూశాను. పొలం పక్క నుంచి కట్ట పైదాకా మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మాది దివిసీమ. 1977 ఉప్పెన గురించి మా అమ్మమ్మ ఎప్పుడు చెప్పినా "ఎక్కడానికి ఎత్తు లేదు నాన్నా" అనే దగ్గర ఆగిపోయేది.

జపాన్‌లో రోడ్డు వల్ల లాభం లెక్కగట్టేటప్పుడు ముఖ్యంగా మూడే చూస్తారు: ఎంత టైం మిగిలింది, బండి ఖర్చు ఎంత తగ్గింది, యాక్సిడెంట్లు ఎన్ని తగ్గాయి. ఇందులో ఆ పిల్లల్ని ఏ గడిలో రాస్తారు? రోజుకి ఎన్ని కార్లు వెళ్లాయన్నది ఒక్కటే చూస్తే ఈ రోడ్డు ఎప్పటికీ ఓడిపోతుంది. ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా నత్తనడక నడిచిన పని సునామీ తర్వాత పదేళ్లలో పూర్తయింది, 2021 డిసెంబరు 18న చివరి ముక్క తెరిచారు. ఎనిమిదిన్నర గంటల ప్రయాణం ఐదు గంటల చిల్లరకి వచ్చింది. ఇంత త్వరగా చేయగలిగిన పని అంతమంది పోయేదాకా ఎందుకు ఆగిందన్నదే నా కోపం.

ఇంకో బాధ కూడా ఉంది. బళ్లన్నీ పైరోడ్డెక్కేసరికి 45 మీద ఉన్న చిన్న హోటళ్లకీ చేపల కొట్లకీ బేరాలు పడిపోయాయి. కొత్త రోడ్డు చాలా దూరం టోల్ లేనిదే, ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కితే పోయేదేం లేదు, అయినా ఎవరూ దిగరు. దిగే చోట కింద ఊళ్లో ఏం దొరుకుతుందో కనబడేలా పెద్ద బోర్డులు పెడితే ఎంత బాగుంటుంది!

నేనైతే వెళ్లేటప్పుడు పైరోడ్డు, వచ్చేటప్పుడు 45. ప్రతి మలుపు దిగగానే సముద్రం, పక్కనే "సునామీ ముంపు ప్రాంతం ఇక్కడి నుంచి" అని నీలం బోర్డు, మళ్లీ కొండెక్కుతుంటే "ఇక్కడి వరకు" అని ఇంకోటి. రెండు గంటలు ఎక్కువ పట్టినా సరే, మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి అన్నం తినే వస్తున్నాను.