‘మనల్నెవరు అడిగారు?’ అంటున్నవాళ్ళకి

పొద్దున మా వాంకూవర్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజ్ చూసినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది. (వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్, కెనడాది కాదు.) వాంకూవర్‌కీ, అవతల ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కీ మధ్య కొలంబియా నది మీద ఐ-5 హైవేకి కొత్త బ్రిడ్జి కడతారని, దానికోసం టోల్ వేస్తారని ఎవరో వార్త షేర్ చేశారు. దాని కింద ఈయన, "మనల్నెవరు అడిగారండీ? వాళ్ళిష్టం వచ్చినట్టు చేసుకుంటున్నారు" అని రాశారు. అంతే, వరసగా లైకులు, దండాలు. "కరెక్టుగా చెప్పారన్నా" అని ఒకరు. "ఆ దేశమైనా ఈ దేశమైనా ఇంతే" అని ఇంకొకరు.

అడిగారండీ! 2024 సెప్టెంబర్ 20న, ఆ బ్రిడ్జి వల్ల దేని మీద ఏ ప్రభావం పడుతుందో చెప్పే ముసాయిదా నివేదిక బయటపెట్టి, నవంబర్ 18 దాకా గడువిచ్చి అడిగారు. ఆన్‌లైన్‌లో రాయండి, లేదంటే వచ్చి మైకులో మాట్లాడండి అన్నారు. ఆ లింకు నేను ఇదే గ్రూపులో పెట్టాను. ఒక్కరంటే ఒక్కరు పలకలేదు. ఆ రోజంతా దీపావళి పార్టీకి బిర్యానీ ఎక్కడ ఆర్డరివ్వాలన్న దాని మీదే చర్చ నడిచింది. ఆ చర్చలో ఈ పెద్దమనిషి చాలా చురుగ్గా పాల్గొన్నారు.

ఇక్కడ ఉండనివాళ్ళ కోసం ఆ బ్రిడ్జి సంగతి చెప్తాను. అది నిజానికి పక్కపక్కనే ఉన్న రెండు బ్రిడ్జిలు. ఒకటి 1917లో కట్టింది, రెండోది 1958లో. రెండూ నది అడుగున ఇసుకలో దిగేసిన చెక్క దుంగల మీద నిలబడి ఉన్నాయి. మేముండే ప్రాంతంలో 1700 జనవరిలో సుమారు 9 తీవ్రతతో భూకంపం వచ్చింది, అలాంటిది మళ్ళీ వస్తుందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. వస్తే ఆ ఇసుక బురదలా మారి దుంగలకి పట్టు ఉండదు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రోజూ దాటేది దాని మీదే. పక్కన బండి ఆపుకునే ఖాళీ జాగా (షోల్డర్) కూడా లేదు. మధ్యలో ఒక్క కారు ఆగిపోతే రెండు ఊళ్ళూ ఆగిపోతాయి. పెద్ద పడవ వస్తే బ్రిడ్జిని పైకి లేపుతారు, అప్పుడు మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా పోయే హైవే మీద ఎర్రలైటు పడుతుంది. ఆఫీసుల రద్దీ టైములో లేపరు కానీ, సాయంత్రం ఆరు దాటాక ఎప్పుడు లేస్తుందో తెలియక డేకేర్‌కి ఫోన్ చేసి బతిమాలుకునే తల్లిదండ్రులు మా గ్రూపులోనే ఎంతమంది ఉన్నారో.

అధికారుల్ని నేనేమీ వెనకేసుకు రావడం లేదు. ఇదే బ్రిడ్జి మార్చడానికి ఇంతకుముందు ఒక ప్రాజెక్టు పెట్టి, ప్లానింగుకే దాదాపు 20 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, 2013లో వాషింగ్టన్ రాష్ట్ర సెనేట్ డబ్బులివ్వకపోవడంతో చివరికి 2014లో చాప చుట్టేశారు. ఒక్క స్తంభం కూడా లేవలేదు. మళ్ళీ 2019లో మొదలుపెట్టారు. 2022 చివర్లో వేసిన అంచనా 500 నుంచి 750 కోట్ల డాలర్లు, అది ఇంకా పెరుగుతుందని తర్వాత వాళ్ళే చెప్పారు. ఆలస్యమైన ప్రతి ఏడాదికీ మన జేబులోంచే పోతుంది. దాని మీద కోపం రావడం న్యాయం. నాకూ వస్తుంది. కానీ "అడగలేదు" అనడం అబద్ధం, ఆ అబద్ధానికి దండాలు పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

ఎందుకింత ఆవేశపడుతున్నానంటే, మన పరిస్థితి ఒకసారి చూడండి. ఉండేది వాంకూవర్‌లో, ఉద్యోగం నదికి అవతల. ఆరెగాన్‌లో సంపాదిస్తున్నాం కాబట్టి ఆరెగాన్‌కి ఇన్‌కం టాక్స్ కడతాం, అక్కడ ఓటుండదు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి ఇక్కడా ఓటు లేదు. మనకి ఎమ్మెల్యే లేడు, కార్పొరేటర్ లేడు. అలాంటి మనకి దొరికే ఒకే ఒక్క అవకాశం ఈ అభిప్రాయ సేకరణ. అక్కడ పాస్‌పోర్టు అడగరు, వీసా స్టేటస్ అడగరు. హెచ్‌1బీ మీద ఉన్నవాడు రాసినా, మూడు తరాలుగా ఇక్కడే ఉన్నవాడు రాసినా ఒకటే లెక్క. విషయమున్న అభ్యంతరాలకి తుది నివేదికలో జవాబు చెప్పాలి. ఓటు లేదని ఏడ్చేవాళ్ళం, నోరిస్తే ఎందుకు వాడుకోం?

ఆ అక్టోబర్‌లో బహిరంగ విచారణకి నేను వెళ్ళాను. తెలుగువాళ్ళెవరూ కనిపించలేదు. నా ముందు వరసలో ఒక పెద్దావిడ కూర్చున్నారు, డెబ్బై దాటి ఉంటాయి. నది మధ్యలోని హేడెన్ ఐలాండ్ ఆవిడది. ఆ లంకలోకి రావాలన్నా పోవాలన్నా ఐ-5 ఒక్కటే దారి. అక్కడ నీటి మీద తేలే ఇళ్ళున్నాయి, కొత్త బ్రిడ్జి వస్తే వాటిలో కొన్నిటిని తీసేయాల్సొస్తుంది. ఆవిడ నివేదికలోంచి ఒక మ్యాపు ప్రింటు తీసుకుని, తన ఇంటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి తెచ్చుకున్నారు. కాగితం మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించారు. మైకు దగ్గరికెళ్ళి, వణుకుతున్న చేత్తో ఆ కాగితం ఎత్తి చూపించి, ఏ పేజీలో ఏం రాశారో, అందులో తన ఇల్లు ఎందుకు లేదో అడిగారు. ఇచ్చిన ఆ కాస్త టైములోనే అడగాల్సిందంతా అడిగి కూర్చున్నారు. ఆవిడ ఇల్లు మిగులుతుందో లేదో నాకు తెలియదు. కానీ ఆవిడ మాట రికార్డులో ఉంది. మన మాట లేదు.

"చెప్తే మాత్రం వింటారా" అంటారు, ఆ మాటా రోజూ వింటున్నదే. పాత ప్రాజెక్టులో బ్రిడ్జి కింద నీటి మీద నుంచి 95 అడుగుల ఎత్తు చాలన్నారు. నదిలో పడవల రాకపోకలు చూసే కోస్ట్‌గార్డ్ కాదంది. పెద్ద పెద్ద ఇనుప నిర్మాణాలు చేసి నది మీద దింపుకునే కంపెనీలవాళ్ళు మా సరుకు పట్టదన్నారు. చివరికి 116 అడుగులు చేశారు. గొంతు విప్పినవాళ్ళుంటే బ్రిడ్జి ఎత్తే మారింది!

ఈ ఎత్తు సంగతి తలుచుకుంటే నాకు మా ఊరు గుర్తొస్తుంది. అసలు కోపం అక్కడిది. మా ఊరి పక్క హైవేని నాలుగు లైన్లు చేసి, కాలవ మీద పాత వంతెన తీసేసి, రోడ్డంతా ఎత్తులేపి, ఊళ్ళోకి ఒక అండర్‌పాస్ ఇచ్చారు. వరిగడ్డి లోడుతో ట్రాక్టర్ అందులోంచి పోదు. పోదని ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. హైవేకి భూమి తీసుకునేటప్పుడు చట్టప్రకారం రెండు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి, అభ్యంతరాలు చెప్పడానికి 21 రోజులు. ఆ ప్రకటన చదివినవాళ్ళు మా ఊళ్ళో లేరు. సర్వేవాళ్ళు వచ్చి పొలంలో రాళ్ళు పాతుతుంటే మా బాబాయికి విషయం తెలిసింది, అప్పటికి గడువైపోయింది. చదివున్నా, ఆ 21 రోజుల్లో చెప్పేది భూమి గురించే తప్ప అండర్‌పాస్ ఎత్తు గురించి కాదు. ఇప్పటికీ కోతల రోజుల్లో బాబాయి ఆ లోడుతో హైవే ఎక్కి, రాంగ్ రూట్‌లో ఎదురుగా లారీలు వస్తుంటే పక్కకి ఒత్తుకుంటూ వస్తాడు. ఇంట్లో పిన్ని గేటు దగ్గరే నిలబడి ఉంటుంది, ట్రాక్టర్ చప్పుడు వినబడేదాకా లోపలికి రాదు. వాన పడితే అండర్‌పాస్‌లో మోకాలి లోతు నీళ్ళు. బడికెళ్ళే పిల్లలు కూడా హైవే ఎక్కే దాటుతారు.

"మనల్నెవరు అడిగారు" అనే హక్కు మా బాబాయికుంది. అలాంటి ఊళ్ళ నుంచి వచ్చిన మనం, అడిగిన చోట కూడా నోరు మూసుకుని కూర్చుని, గడువు దాటాక అదే మాట అంటుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇంకో మాట. టోల్ రేట్లు నిర్ణయించేది రెండు రాష్ట్రాల ట్రాన్స్‌పోర్టేషన్ కమిషన్లు కలిసి. ఏ టైములో ఎంత, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఎంత తగ్గింపు అన్నదాని మీద జనం మాట కూడా వింటారు. ఆ మీటింగు తేదీ రాగానే గ్రూపులో పెడతాను. గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడిపోతే మళ్ళీ పెడతాను. ఇంగ్లీషులో రాయడం ఇబ్బందైతే నాకు ఫోన్ చేయండి, తెలుగులో చెప్పండి, నేను టైప్ చేసి మీ పేరుతో పంపిస్తాను. పొద్దున మెసేజ్ పెట్టినాయన్ని నా కార్లోనే తీసుకెళ్తాను. రెండు రాష్ట్రాల్లో ఏ మీటింగైనా సరే.