సెవెన్ సీటర్ పిస్టల్

ముందే చెప్తున్నా, ఇది గుండె దిటవు చేసుకుని రాస్తున్నది. మా ఊళ్ళో పాత సినిమా హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టినప్పుడు కూడా నేను ఇంత కుంగిపోలేదు. అమెరికాలో చొక్కా కింద మొలలో దోపుకునే పిస్టళ్ళలో ఒకప్పుడు దర్జాగా బతికిన కార్ కంపెనీ, ఇవాళ తుపాకుల షాపులో గాజు అల్మారా కింద అరలో, అదీ సేల్స్‌మన్ మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప కనపడని మూలలో ఉంది. దీని గురించి ఒక్కరూ కన్నీరు పెట్టడం లేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నా.

కార్ అంటే నాలుగు చక్రాల కారు అనుకునేరు. ఇంగ్లీషు స్పెల్లింగ్ వేరు, పలకడం మాత్రం అచ్చంగా అదే. అందుకే మా బావ 2012లో ఇంటికి ఫోన్ చేసి "గ్రీన్ కార్డు రాగానే కార్ కొంటానమ్మా" అంటే మా అత్తయ్య "తెల్లది తీసుకో నాయనా, నల్లది మనకి అచ్చిరాదు" అంది. ఆమె మాట వినకపోవడం వల్లే ఇంత జరిగిందని మా ఇంట్లో ఇప్పటికీ ఒక అభిప్రాయం ఉంది.

ఈ పిస్టల్‌ని డిజైన్ చేసినవాడు జస్టిన్ మూన్. ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, ఆ మూన్ గారి అబ్బాయే. 1982లో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక్క రోజులో రెండు వేల పైచిలుకు జంటలకి పెళ్ళి చేసిన కొరియా మతగురువు సన్ మ్యుంగ్ మూన్ కొడుకు. తిరుపతి వాళ్ళ కల్యాణమస్తు చూసినవాళ్ళకి ఆ సందడి ఊహించుకోవడం కష్టం కాదు. తండ్రి ఆడామగా జతలు కలుపుతుంటే కొడుకు మనిషినీ పిస్టల్‌నీ కలిపే సంబంధాల పేరయ్యగా స్థిరపడ్డాడు. వంశంలో ఉన్న కళ ఎక్కడికి పోతుంది.

కాలం కూడా కలిసొచ్చింది. 1987లో ఫ్లోరిడా, అర్హత ఉన్న ప్రతివాడికీ పిస్టల్ దాచుకుని తిరిగే లైసెన్సు ఇవ్వాల్సిందే అని చట్టం చేశాక మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. మరోపక్క 1994లో కేంద్ర ప్రభుత్వం కొత్తగా చేసే మ్యాగజైన్లలో, అంటే పిస్టల్ పిడిలో దూర్చే తూటాల డబ్బాల్లో, పది తూటాలకి మించి పట్టకూడదంది (2004లో ఆ నియమం పోయిందనుకోండి). పదే పట్టేటప్పుడు ఇటుక సైజు పిస్టల్ ఎందుకు మోయాలి అని జనం ఆలోచనలో పడ్డారు. సరిగ్గా అప్పుడే కార్ వాళ్ళ కే9 అనే పిస్టల్ దిగింది. మొత్తం ఉక్కు. మందం అంగుళం కంటే తక్కువ. బారెల్ దిగువన తూటా ఎక్కే దారిని కాస్త పక్కకి జరిపి, ట్రిగ్గర్ నుంచి వచ్చే కడ్డీకి పక్కనే చోటు చేశారు, దాంతో పిస్టల్ ఎత్తు తగ్గి చేతిలో కిందికి కుదురుగా కూర్చుంది. ట్రిగ్గర్ పాత రివాల్వర్‌లా పొడుగ్గా, మెత్తగా, వెన్నలో వేలు పెట్టినట్టు. తర్వాత ప్లాస్టిక్ ఒంటితో పీఎం9 వచ్చింది, మూడంగుళాల బారెల్, ఖాళీగా ఉంటే 400 గ్రాముల దగ్గర బరువు, అంటే మా అక్క హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తి కంటే తేలిక. అప్పట్లో దాని ధర 800 డాలర్ల చుట్టుపక్కల. అది జేబులో ఉన్నవాడు దాన్ని దాచుకునేవాడు గానీ, తన దగ్గర ఉందన్న సంగతి మాత్రం దాచుకునేవాడు కాదు.

మ్యాగజైన్‌లో ఆరు, గొట్టంలో ఒకటి. మొత్తం ఏడు.

ఏడు అంటే మనకి వెంటనే తట్టేది సెవెన్ సీటర్ ఆటో. సెవెన్ సీటర్ ఆటోలో ఏడుగురు ఎక్కడం మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. పద్నాలుగు మంది, ఒక మేక, వెనక నిలబడి వేలాడే ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. కానీ ఈ కంపెనీ మాత్రం, సెవెన్ సీటర్‌లో ఏడుగురే కూర్చోవాలి, ఒకరి వెనక ఒకరు, తూటా మీద తూటా, ఒంటి వరుసలో, మర్యాదగా అని పట్టుపట్టిన డ్రైవర్. అలాంటి డ్రైవర్ మన రోడ్డు మీద ఎన్నాళ్ళు బతుకుతాడో మీకే తెలుసు.

పైగా ఆయనకి పట్టింపులెక్కువ. కొత్త పిస్టల్‌తో ఇచ్చే పుస్తకంలోనే రాసుంటుంది: ముందు 200 తూటాలు కాల్చండి, ఆ తర్వాతే దీన్ని నమ్మండి. మొదటి తూటా ఎక్కించేటప్పుడు స్లైడ్‌ని, అంటే ముందుకీ వెనక్కీ జరిగే పైభాగాన్ని, చేత్తో వెనక్కి లాగి వదలకూడదు, పక్కనున్న మీటే నొక్కాలి. అల్లుడు మొదటి పండక్కి వచ్చినప్పుడు కూడా ఇన్ని షరతులు ఉండవు. మా బావ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాడు, ఈ 200 తూటాల సంగతి చదివి ఆయన పొంగిపోయాడు. "కంపెనీ చేయాల్సిన టెస్టింగ్ కస్టమర్ చేత, అదీ కస్టమర్ డబ్బుతో చేయిస్తున్నారు చూశావా, వీళ్ళు మనవాళ్ళేరా" అన్నాడు. ప్రేమ అక్కడే మొదలైంది.

కానీ ప్రేమకి వీసా అడ్డం. హెచ్‌1బీ మీద ఉన్నవాడు అమెరికాలో తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. ఒక్క వెసులుబాటు ఉంది, వేట లైసెన్సు ఉంటే పర్వాలేదు. మా బావ వెల్లుల్లి కూడా ముట్టని మనిషి, చేపల చెరువు పక్కన కారు ఆపితే అద్దాలు ఎక్కించుకుంటాడు. వేట లైసెన్సు తీసుకోమంటే "జింక ముఖం ఎలా చూడమంటావురా" అని నీళ్ళు పెట్టుకున్నాడు. దొంగ ముఖం చూడ్డానికి మాత్రం సిద్ధమే. సరే, గ్రీన్ కార్డు వచ్చాకే కొంటానని శపథం పట్టాడు. ఈబీ2 అనే గ్రీన్ కార్డు వరస, అందులో నిలబడిన తేదీ, అదే ప్రయారిటీ డేట్, 2012. మనవాళ్ళకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ వరస కదలని పదమూడేళ్ళలో పిస్టళ్ళ వరస మాత్రం కదిలింది. సరిగ్గా 2012లోనే స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు షీల్డ్ అనే పల్చటి పిస్టల్ దింపారు, కార్ కంటే చాలా తక్కువ ధరకి, పైగా అదనంగా ఒక తూటా. బావ పట్టించుకోలేదు. "చవకబారు సరుకు" అన్నాడు. అంతకుముందే కార్ వాళ్ళే సీఎం9 అని చవక రకం తెచ్చి, మెషిన్ పని తగ్గించి, ఒక్క మ్యాగజైనే ఇచ్చి అమ్మడం మొదలుపెట్టారు, దాన్ని మాత్రం "సామాన్యుడికి అందుబాటు" అన్నాడు. 2015లో గ్లాక్ 43 వచ్చింది, దాంట్లోనూ ఆరూ ఒకటీ ఏడే. బావ ఇంటికి స్వీట్లు తెచ్చాడు, "చూశావా, గ్లాక్ వాడంతటివాడు ఏడు దగ్గరికే వచ్చి ఆగాడు".

2018 జనవరిలో కొంప మునిగింది. లాస్ వేగస్ తుపాకుల ప్రదర్శనలో సిగ్ కంపెనీ వాళ్ళు పీ365 అని ఒకటి బయటపెట్టారు. ఇంచుమించు పీఎం9 అంతే ఉంది, తూటాలు మాత్రం పదీ ఒకటీ పదకొండు. ఏం చేశారంటే, మ్యాగజైన్‌లో తూటాల్ని ఒంటి వరుసా కాకుండా, జంట వరుసా కాకుండా, ఒకటిన్నర వరుసలో అటూ ఇటూ సర్ది కుక్కారు. కొంచెం జరగండమ్మా, ఇంకొకరు కూర్చుంటారు, అంతే. మన షేరింగ్ ఆటో డ్రైవర్లకి పుట్టుకతో తెలిసిన విద్య, దీనికి అమెరికా అంతా ఇంజనీరింగ్ అద్భుతం అని చేతులు జోడించింది. మొదటి నెలల్లో తూటాని పేల్చే ఫైరింగ్ పిన్నులు విరుగుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి, ఎవడూ లెక్కచేయలేదు. పదకొండు కదా.

2019లో స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్ళ హెల్‌క్యాట్, పదకొండూ ఒకటీ పన్నెండు. ఆ ఒక్క తూటా కోసం ఇంకో కంపెనీ ఇంకో పిస్టల్ తెచ్చిందంటే, పన్నెండో తూటా దగ్గర చాలామంది ప్రాణాలు పోతున్నాయేమో అని నాకు టెన్షన్ పట్టుకుంది. 2021లో షీల్డ్ ప్లస్, పొడుగు మ్యాగజైన్ పెడితే పదమూడూ ఒకటీ పద్నాలుగు. మేకొక్కటే తక్కువ.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. 1990ల మొదట్లో, అంటే కార్ పుట్టక ముందు, అమెరికాలో హింసాత్మక నేరాల రేటు ఎంతుందో, ఈ కొత్త పిస్టళ్ళు వచ్చేనాటికి అది దాదాపు సగానికి పడిపోయింది. నేరాలు సగం అయ్యాయి కాబట్టి తూటాలు రెట్టింపు కావాలన్నది సహజ న్యాయం. దోమలు తగ్గిన కొద్దీ ఇంట్లో దోమల బ్యాట్లు పెరగడం లాంటిది. తుపాకులవాళ్ళలోనే పాతకాలం మాట ఒకటుంది: మూడు గజాలు, మూడు సెకన్లు, మూడు తూటాలు, అందులో తేలిపోతుంది వ్యవహారం అని. ఈ మాట ఇప్పుడు ఏ షాపులోనైనా అని చూడండి, డయాబెటిస్ ఉన్నవాడు పెళ్ళిభోజనంలో ఒక్క జాంగ్రీ చాలన్నప్పుడు చూసినట్టు చూస్తారు. కార్ పిస్టల్ పాడవలేదండీ. నిన్న కాల్చినట్టే ఇవాళా కాలుస్తుంది, ఏడు. భయమే కొత్త మోడల్‌కి మారింది, ఫోన్ మార్చినట్టు.

మరి ఈ కాలమంతా కంపెనీ ఏం చేస్తోంది? పోటీవాళ్ళు జేబులో ఇంకో తూటా ఎలా దూర్చాలా అని కుస్తీ పడుతుంటే, మన వీరుడి చూపు పెద్ద వస్తువుల మీద పడింది. 1999లోనే పాత గ్యాంగ్‌స్టర్ల టామీ గన్ తయారుచేసే ఆటో ఆర్డ్‌నెన్స్ కంపెనీని కొన్నాడు. 2010లో డెజర్ట్ ఈగిల్ వాళ్ళని కొన్నాడు, ఆ పిస్టల్‌లో పెద్దది రెండు కిలోలు తూగుతుంది, దాన్ని దాచుకోవాలంటే వెంట ఇంకో మనిషి కావాలి. 2013లో న్యూయార్క్ తుపాకుల చట్టం బిగించిందని అలిగి ముఖ్య కార్యాలయాన్ని పెన్సిల్వేనియా పైక్ కౌంటీకి తరలిస్తామన్నాడు. అన్నమాట ప్రకారం తరలించాడు కూడా.

ఆ చుట్టుపక్కలే తమ్ముడు హ్యుంగ్ జిన్ మూన్ గారి గుడి. బైబిల్లో ఉన్న ఇనుపదండం అంటే ఏఆర్15 రైఫిలే అని ఆయన భాష్యం. 2018 ఫిబ్రవరిలో అక్కడ భక్తులు రైఫిళ్ళు పట్టుకొచ్చి దంపతులుగా ఆశీర్వాదం తీసుకున్నారు, తమ్ముడుగారు తలమీద తూటాల కిరీటం పెట్టుకున్నారు. తేదీలు మళ్ళీ చూడండి. జనవరిలో పోటీవాడు పది తూటాల్ని పిస్టల్ పిడిలో ఇమిడ్చాడు. ఫిబ్రవరిలో మనవాళ్ళు అంతకంటే ఎక్కువ తూటాల్ని నెత్తిన ఇమిడ్చారు. సామర్థ్యం విషయంలో వెనకబడ్డారని ఎవరనగలరు.

ఒక్క విషయం దగ్గర మాత్రం నా వెటకారం ముందుకు కదలదు. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఈ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి ఉద్యోగి ఒకడు సీరియల్ నంబరు కూడా కొట్టని పిస్టల్‌ని బయటికి దాటించేస్తే, 1999లో అది ఆ ఊళ్ళోనే ఒక కుర్రాడి ప్రాణం తీసింది. కుటుంబం వేసిన దావా 2011లో ఆరు లక్షల డాలర్లకి రాజీ అయింది. దాచుకుని పట్టుకెళ్ళే పిస్టల్ అన్న మాటని ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచే అమలు చేశారు. ఈ కారణంగా షాపులో ఆ పిస్టల్ వద్దన్నవాడిని నేను ఒక్కణ్ణీ చూడలేదు. అందరి అభ్యంతరం ఏడు మీదే.

పోయినేడు బావకి గ్రీన్ కార్డు వచ్చింది. మేముండేది డాలస్ పక్కన. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ఇరవై ఒకటి నిండి, చట్టం అడ్డులేనివాడు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు, ఇలాంటి రాష్ట్రాలు ఇప్పటికి 29 అయ్యాయి. అంటే డ్రైవింగ్ లైసెన్సుకి బావ రెండుసార్లు ఫెయిలైన ఊళ్ళో పిస్టల్‌కి పరీక్షే లేదు. కార్డు వచ్చిన శనివారమే నన్ను తీసుకుని షాపుకెళ్ళాడు. గడ్డం కుర్రాడు కౌంటర్ మీద మెత్తటి గుడ్డ పరిచి వరసగా మూడు పెట్టాడు, పదకొండు, పన్నెండు, పద్నాలుగు, చీరల షాపులో జరీ చూపించినట్టు ఒక్కోదాన్నీ తిప్పి చూపించాడు. బావ తొణక్కుండా "కార్ చూపించండి" అన్నాడు. కుర్రాడు ఒక్క క్షణం పార్కింగ్ వైపు చూశాడు. తర్వాత అర్థమై, లోపలికెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆ పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని కింద అరలోంచి పీఎం9 తీసి, దుమ్ము ఊది, రెండు చేతులతో బావ చేతిలో పెట్టాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. అది వేరేవాళ్ళు వాడి అమ్మేసిన పిస్టల్, అందుకే ధర కూడా తగ్గించాడు.

"వాడినదే కదా బావా, 200 తూటాలు ముందాయన కాల్చే ఉంటాడు" అన్నాను.

"ఎవడి టెస్టింగ్ రిపోర్టూ నేను నమ్మను" అన్నాడు.

అప్పటి నుంచి నెలకోసారి షూటింగ్ రేంజికి వెళ్తాడు. చెవులకి మఫ్లర్లు, కళ్ళకి అద్దాలు, చేతిలో ఎక్సెల్ షీటు ప్రింటు. పక్క లైన్లో డెబ్భై ఏళ్ళ బామ్మ ఒకామె, చేతిలో ఎన్ని పట్టేదో గానీ, ఆపకుండా దంచుతూనే ఉంటుంది. మా బావ ఏడు కాల్చి, ఆగి, మ్యాగజైన్ నింపుకుంటూ ఉంటాడు, గోళ్ళు నొప్పి. ఇంటికొచ్చాక పిస్టల్‌ని తుడిచి, బీరువాలో పెట్టి, తాళం వేస్తాడు. బొడ్లో దోపుకోడు. పుస్తకంలో రాసింది కదా, 200 అయితేనే నమ్మాలని.

మొన్నటికి 140 అయ్యాయి. తూటాల ఖర్చు చూసి మా అక్క ఈ నెల రేంజి బంద్ అంది. ఇంకా అరవై ఉన్నాయి, అవి పూర్తయ్యేదాకా దొంగలెవరూ ఇటు రాకుండా చూడమని శనివారం గుళ్ళో తనే అర్చన చేయించింది, బావ పేరూ గోత్రమూ చెప్పి.